టెరెల్‌లో ఇరవై మంది తమ్ముళ్ళు

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళని టెరెల్ గురించి అడగండి. ఒక్కటే చెప్తారు, బకీస్. ఐ-20 మీద తూర్పు వైపు ఎటు బయల్దేరినా అక్కడ ఆగాల్సిందే. గ్యాస్ కొట్టించుకోవాలి, శుభ్రంగా ఉండే బాత్రూములకి వెళ్ళాలి, ఆ బీవర్ బొమ్మ దగ్గర ఓ ఫోటో దిగాలి. మళ్ళీ కారెక్కేయాలి.

మొన్నమొన్నటిదాకా నాకూ ఆ ఊరంటే అంతే.

రెండేళ్ళ క్రితం మార్చిలో మా తమ్ముడు స్ప్రింగ్ బ్రేక్‌కి నా దగ్గరికి వచ్చాడు. తోడబుట్టినవాడు కాదు, మా పిన్ని కొడుకు. ఎమ్మెస్ చేయడానికి వచ్చి అప్పటికి ఏడు నెలలు. నేనుండేది ఇర్వింగ్‌లో. వాడి యూనివర్సిటీ నాకు నాలుగు గంటల దూరం. ఆరోజు ఊరికే అలా తిరిగొద్దామని బయల్దేరి, బకీస్‌లో ఆగాం. వాడు ఫోన్‌లో మ్యాప్ చూస్తూ అన్నాడు.

"అక్కా, ఇక్కడ ఎయిర్‌పోర్టు దగ్గర యుద్ధం నాటి పైలట్ల మ్యూజియం ఉందంట. దగ్గరే. చూద్దామా?"

"ఈసారి వచ్చినప్పుడు చూద్దాం లేరా. ఇప్పుడు బయల్దేరకపోతే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాం" అన్నాను.

"సర్లే" అన్నాడు. వాడు దేనికీ పట్టుబట్టే రకం కాదు.

విమానాలంటే వాడికి చిన్నప్పటినుంచీ పిచ్చి. దానికి కారణం దొనకొండ. మాది ప్రకాశం జిల్లా. రెండో ప్రపంచయుద్ధం టైములో ఇంగ్లీషువాళ్ళు దొనకొండలో విమానాలు దిగడానికి స్థలం చదును చేశారు. యుద్ధం అయ్యాక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. 2014లో రాజధాని అక్కడికే వస్తుందని పుకారు లేచినప్పుడు మాత్రం అందరికీ గుర్తొచ్చింది, ఎకరాల రేట్లతో సహా. వేసవి సెలవుల్లో మా బాబాయ్ వాణ్ణి బండి మీద ఆ ఎయిర్‌స్ట్రిప్ దగ్గరికి తీసుకెళ్ళేవాడు. అక్కడ చూడటానికి ఏముండదు. ఎండ, ఖాళీ నేల, అంతే. కానీ వీడు చేతులు చాపుకుని ఆ చివర్నుంచి ఈ చివరికి "డ్రర్ర్" అని పరిగెత్తేవాడు.

ఆ "ఈసారి" మళ్ళీ రాలేదు. అదే ఏడాది అక్టోబరులో, రాత్రి పూట ఫ్రెండ్స్‌తో రూముకి తిరిగొస్తుంటే హైవే మీద యాక్సిడెంటైంది. వాడికి 24 ఏళ్ళు.

పిన్ని అడిగిన ప్రశ్న

ఇక్కడ మనవాళ్ళు ఎవరైనా పోతే ఏం జరుగుతుందో ఆ పదకొండు రోజుల్లో నేర్చుకున్నాను. నేర్చుకోవాలని ఎవరం అనుకోం. ఫ్యూనరల్ హోమ్‌తో మాట్లాడటం, డెత్ సర్టిఫికెట్, హ్యూస్టన్ కాన్సులేట్ కాయితాలు, ఫ్లైట్ బుకింగు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు వందా రెండొందలూ డాలర్లు పంపారు. ఒకాయన ఆఫీసుకి సెలవు పెట్టి నా పక్కనే కూర్చుని ఫారాలు నింపాడు. పన్నెండో రోజు వాడు హైదరాబాద్‌లో దిగాడు, కార్గోలో.

ఆ మధ్యలో ఒక రాత్రి పిన్ని ఫోన్ చేసింది. ఏడవట్లేదు. మామూలు గొంతుతో అడిగింది.

"ఆఖర్న వాడి పక్కన ఎవరున్నారమ్మా?"

"అందరం ఉన్నాం పిన్నీ" అన్నాను.

అబద్ధం. నాకు ఫోన్ వచ్చేసరికే అంతా అయిపోయింది. నేను వెళ్ళేసరికి ఇంకో నాలుగు గంటలు. వాడితో కార్లో ఉన్న పిల్లలిద్దరూ వేరే వార్డులో ఉన్నారు. వాడి పక్కన తెలిసిన మనిషి ఒక్కరూ లేరు.

ఆ అబద్ధం నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. పిన్ని ఫోన్ చేస్తే ఎత్తడానికి కూడా భయపడేదాన్ని.

కిందటేడు ఫిబ్రవరిలో ఒక శనివారం ఏం తోచక కారు తీశాను. ఎక్కడికని అనుకోలేదు. టెరెల్ బోర్డు కనిపించాక అర్థమైంది, ఎక్కడికి వచ్చానో. ఈసారి బకీస్‌లో ఆగలేదు.

బూడిదరంగు సూట్లలో వచ్చిన కుర్రాళ్ళు

టెరెల్ ఎయిర్‌పోర్టు చాలా చిన్నది. సొంత విమానాలున్నవాళ్ళు ఎగరేసుకునే చోటు. దాని పక్కనే ఉంది మ్యూజియం. పేరు నంబర్ వన్ బ్రిటిష్ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ మ్యూజియం. టెక్సాస్‌లో బ్రిటిష్‌వాళ్ళ స్కూలేంటని నేనూ అనుకున్నా.

కథ 1941లో మొదలవుతుంది. ఇంగ్లండ్ మీద జర్మనీ బాంబులు వేస్తోంది. ఇంగ్లండ్‌కి పైలట్లు కావాలి, వేలల్లో కావాలి. కానీ కొత్తగా ఎగరడం నేర్చుకునే కుర్రాళ్ళకి అక్కడ ఆకాశమే లేదు. ఒకపక్క మబ్బులు, వానలు. ఇంకోపక్క ఎప్పుడు శత్రు విమానం వస్తుందో తెలీదు. అందుకే కెనడా, దక్షిణాఫ్రికా లాంటి దూరదేశాల్లో స్కూళ్ళు తెరిచారు. అమెరికాలో ఆరు చోట్ల పెట్టారు. అందులో మొట్టమొదటిది టెరెల్. అప్పటికి ఆ ఊరి జనాభా పదివేల చిల్లర. చుట్టూ పత్తి చేలు, చదునైన నేల, ఏడాదిలో ఎక్కువ రోజులు తేటగా ఉండే ఆకాశం. విమానం నేర్పడానికి అంతకంటే ఏం కావాలి?

ఒక చిక్కుంది. 1941 మధ్యలో అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు. వేరే దేశం సైనికులు యూనిఫాంలో వచ్చి శిక్షణ తీసుకుంటే గొడవ. అందుకని ఆ కుర్రాళ్ళని ముందు ఓడలో కెనడా పంపి, అక్కడ్నుంచి బూడిదరంగు సూట్లు తొడిగి, మామూలు మనుషుల్లా రైలెక్కించి టెక్సాస్ పంపించారు. జూన్‌లో మొదటి బ్యాచ్ వచ్చేసరికి టెరెల్‌లో స్కూలు కట్టడం కూడా పూర్తికాలేదు. కొన్నాళ్ళు డాలస్ లవ్ ఫీల్డ్‌లో నేర్చుకుని, తర్వాత ఇక్కడికి వచ్చారు. ఆ డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసి, అమెరికా కూడా యుద్ధంలోకి దిగాకే వాళ్ళు బయట యూనిఫాం వేసుకుని తిరగగలిగారు.

ఉన్ని బట్టలతో, ముప్పైఎనిమిది డిగ్రీల టెక్సాస్ ఎండలో దిగిన పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళని ఊహించుకోండి. ఆగస్టులో డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు బయట, రెండు పెద్ద సూట్‌కేసులతో, జాకెట్ తొడుక్కుని నిలబడ్డ మన పిల్లలే గుర్తొచ్చారు నాకు. మా వాడు అలాగే దిగాడు. లగేజి బరువు ఎక్కువవుతుందని చలికోటు వేసుకుని వచ్చాడు.

ఒంటరిగా ఎగిరిన రోజు

నేర్పించే పద్ధతి మూడు మెట్లుగా ఉండేది. మొదటిది స్టీర్‌మన్. రెండు రెక్కల వరసలు, పైకప్పు లేని విమానం. ముందూ వెనకా రెండే సీట్లు. ఇన్‌స్ట్రక్టర్ ఒక గొట్టంలోంచి మాట్లాడితే వెనకున్న కుర్రాడి చెవికి వినపడేది. కుర్రాడు తిరిగి మాట్లాడటానికి ఉండదు. అంటే తిట్లు ఒకవైపే! ఓ పది గంటలు అలా ఎగిరాక ఒకరోజు ఇన్‌స్ట్రక్టర్ దిగిపోయి, "నువ్వే వెళ్ళు" అనేవాడు. అదే సోలో.

తర్వాత వల్టీ బీటీ-13. అది ఎంత వణికేదంటే కుర్రాళ్ళు దానికి "వైబ్రేటర్" అని పేరు పెట్టారు. ఆఖరుది ఏటీ-6, చక్రాలు లోపలికి ముడుచుకునే బలమైన విమానం. దానికి "టెక్సన్" అనే పేరు కూడా ఉంది. వాటిని వేలల్లో తయారుచేసిన ఫ్యాక్టరీ ఎక్కడో కాదు, గ్రాండ్ ప్రెయిరీలో. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే దారికి కాస్త పక్కన. తర్వాత్తర్వాత ఆ మధ్య మెట్టు తీసేసి, స్టీర్‌మన్ నుంచి నేరుగా ఏటీ-6కే పంపేవాళ్ళు.

నేలమీద ఉన్నప్పుడు పాఠాలు: వాతావరణం, దారి లెక్కలు, మోర్స్ కోడ్. లింక్ ట్రైనర్ అని ఒక పెట్టెలాంటిది ఉండేది. మూత వేసుకుని లోపల కూర్చుంటే బయట ఏమీ కనపడదు. ముందున్న ముళ్ళని మాత్రమే నమ్ముకుని "ఎగరాలి". ఇప్పటి సిమ్యులేటర్లకి అది ముత్తాత.

నేర్పిందంతా అమెరికన్ సివిలియన్లే. సైనికులు కారు. వాళ్ళమీద పర్యవేక్షణకి కొద్దిమంది ఇంగ్లీషు ఆఫీసర్లు. అందరూ పాసయ్యేవాళ్ళు కాదు. చేయి తిరగనివాళ్ళని మధ్యలోనే ఆపేసి కెనడాకి వెనక్కి పంపేసేవాళ్ళు. అక్కడ నావిగేటరో, ఇంకేదో పని నేర్చుకోవాలి. వాళ్ళ ఉత్తరాలు ఇంటికి ఎలా ఉండేవో! సబ్జెక్టు పోయిందని ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక మూడు రోజులు ఫోన్ ఎత్తని పిల్లలు నాకు తెలుసు.

1945లో స్కూలు మూసేసేలోపు రెండువేల మంది పైనే బ్రిటిష్ కుర్రాళ్ళు అక్కడ నేర్చుకున్నారు. కొంతమంది అమెరికన్ కుర్రాళ్ళు కూడా వాళ్ళతో కలిసి నేర్చుకున్నారు.

ఆదివారం భోజనం

నన్ను పట్టేసింది విమానాలు కాదు, ఆదివారాలు.

ఇంగ్లండ్‌లో అప్పుడు రేషన్. మనిషికి వారానికి ఒక్క కోడిగుడ్డు దొరికితే గొప్ప. పంచదార, మాంసం, వెన్న అన్నీ తూకానికే. రాత్రయితే దీపాలార్పేసి చీకట్లో బతకాలి. అక్కడ్నుంచి వచ్చిన పిల్లలకి టెరెల్‌లో కావల్సినన్ని గుడ్లు, పాలు, ఐస్‌క్రీం. రాత్రంతా వెలిగే వీధి దీపాలు.

ఆదివారం ఊళ్ళోవాళ్ళు కార్లేసుకుని వచ్చి, కుర్రాళ్ళని తమ ఇళ్ళకి భోజనానికి తీసుకెళ్ళేవాళ్ళు. రోడ్డు మీద యూనిఫాంలో ఎవరైనా నడుస్తుంటే కారు ఆపి ఎక్కించుకునేవాళ్ళు. కొన్ని ఇళ్ళల్లో సెలవులకి వాళ్ళకంటూ ఒక మంచం ఉండేది. కొందరు ఇక్కడి అమ్మాయిల్నే పెళ్ళి చేసుకున్నారు. యుద్ధం అయ్యాక కూడా, ముసలివాళ్ళయ్యాక కూడా, వాళ్ళు సముద్రాలు దాటి ఈ ఊరికి వచ్చి కలుసుకునేవాళ్ళు.

ఇదంతా చదువుతూ మురిసిపోతున్నా కానీ, ఒకచోట ఆగాను. అది 1940ల టెక్సాస్. నల్లవాళ్ళకి వేరే బడి, వేరే సీటు, వేరే మంచినీళ్ళ కుళాయి. నా రంగులో ఉన్న కుర్రాడు వచ్చి ఉంటే అదే కారు ఆగేదా? ఇంకో సంగతి. వీళ్ళు ఇక్కడ ఐస్‌క్రీం తింటున్న 1943లోనే, వీళ్ళ ప్రభుత్వం ఏలుతున్న బెంగాల్‌లో లక్షలమంది ఆకలితో పోయారు. క్విట్ ఇండియా అన్నందుకు మనవాళ్ళు జైళ్ళలో ఉన్నారు. ఇంకోపక్క పాతిక లక్షలమంది భారతీయులు అదే యుద్ధంలో పనిచేశారు. మా రూమ్మేట్‌కి చెప్తే, "తెల్లదొరల కోసం నువ్వెందుకే ఇంత ఫీలవుతున్నావు?" అంది. తను అన్నదాంట్లో తప్పేం లేదు.

కానీ ఆ గోడ మీద ఫోటోల్లో దొరలు కనపడలేదు నాకు. మీసం కూడా సరిగ్గా రాని పిల్లలు కనపడ్డారు. యుద్ధం పెద్దవాళ్ళు మొదలుపెట్టారు. వీళ్ళ చేతికి స్టిక్ ఇచ్చారు. ఇక్కడ పాసై వెళ్ళినవాళ్ళలో చాలామంది బాంబర్లలో పనిచేశారు. ఇంగ్లండ్ బాంబర్ కమాండ్‌లో ఆ యుద్ధంలో పోయినవాళ్ళు 55,573 మంది. పాస్ సర్టిఫికెట్ అంటే అదీ.

వెళ్ళిపోతుంటే అక్కడున్న పెద్దాయన అడిగారు, "ఓక్లండ్ మెమోరియల్ పార్క్ చూశారా?" అని. లేదన్నాను. "ఇంతదూరం వచ్చారు కదా, చూసి వెళ్ళండి" అన్నారు.

ఇంటికి వెళ్ళనివాళ్ళు

ఓక్లండ్ ఊరి శ్మశానం. అందులో ఒక పక్కగా, వరసగా, ఒకేలాంటి రాళ్ళు. ఇరవై.

వీళ్ళు యుద్ధం చూడలేదు. నేర్చుకుంటూనే పోయారు. 1943 ఫిబ్రవరి 20న కొన్ని ఏటీ-6లు ఇక్కడ్నుంచి ఓక్లహోమాలోని మయామీ అనే ఊరికి బయల్దేరాయి. దారిలో వాతావరణం పాడైంది. మబ్బుల్లో దారి కనపడక రెండు విమానాలు కొండలకి కొట్టుకున్నాయి. నలుగురు పోయారు. యాభైఏడేళ్ళ తర్వాత, 2000లో, ఆ చుట్టుపక్కల బడి పిల్లలు డబ్బులు పోగుచేసి ఆ కొండ దగ్గర వాళ్ళకి ఒక స్మారకం కట్టించారు. ఎవరి పిల్లలో, ఎవరి కోసమో!

బ్రిటిష్ సైన్యంలో అప్పుడొక నియమం ఉండేది. ఏ దేశంలో పోయినవాళ్ళని ఆ దేశంలోనే పూడ్చిపెట్టాలి. ఇంటికి పంపరు. గొప్పింటివాడైనా, కూలివాడి కొడుకైనా అంతే. అదే నియమం కింద పోయిన మన సిపాయిలు కూడా ఎక్కడెక్కడో ఉండిపోయారు. అంటే ఈ ఇరవై మంది తల్లులకి చేరింది కబురు మాత్రమే. యుద్ధం మధ్యలో సముద్రం దాటి రావడానికి ఏ తల్లికీ దారి లేదు.

ఒక్కో రాయి దగ్గరా ఆగి వయసులు చదివాను. ఇరవైకి అటూ ఇటూ. మా వాడు వీళ్ళందరికంటే కాస్త పెద్దవాడేమో.

ఆ సమాధుల చుట్టూ గడ్డి నీటుగా కోసి ఉంది. యుద్ధం జరుగుతున్న రోజుల్లోనే ఊళ్ళో ఆడవాళ్ళు వీటిని చూసుకోవడం మొదలుపెట్టారట. బాగు చేయడం, పూలు పెట్టడం. ఆదివారం తమ ఇంట్లో భోంచేసి వెళ్ళిన పిల్లాడు గురువారం పోతే, ఆ ఇంటావిడ ఏం చేస్తుంది? వాళ్ళమ్మ రాలేదు కాబట్టి తను వెళ్ళింది.

నేను అక్కడ గడ్డిలో కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలీదు. అప్పుడు ఇండియాలో తెల్లవారుజాము. పిన్ని ఆ టైముకి లేచే ఉంటుంది, నిద్ర సరిగ్గా పట్టట్లేదు కదా. ఫోన్ చేశాను.

"పిన్నీ, నీకో నిజం చెప్పాలి. ఆరోజు వాడి పక్కన ఎవరం లేం. నేను వెళ్ళేసరికి ఆలస్యమైంది. నీతో అబద్ధం చెప్పాను."

చాలాసేపు ఏం మాట్లాడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నా.

"నాకు తెలుసులే తల్లీ" అంది. "నీ గొంతులోనే తెలిసిపోయింది. నిన్ను మళ్ళీ అడగడం ఎందుకని ఊరుకున్నా."

ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఎక్కడున్నావంది. చెప్పాను. వీడియో పెట్టమంది. పెట్టాను. ఒక్కో రాయీ చూసింది. "ఇంగ్లీషు పిల్లలా?" అంది. "చిన్న పిల్లలే పాపం. ఎవరు చూసుకుంటారు వీళ్ళని?" అంది. ఊరివాళ్ళే అన్నాను.

"మన దొనకొండ లాంటి ఊరేగా ఇది కూడా?"

"ఆ, అలాంటిదే పిన్నీ."

"ఇంకోసారి వెళ్ళినప్పుడు నా తరఫున కూడా పూలు పెట్టు" అంది.

పెట్టాను. ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాను.

వాడి పక్కన లేకపోయానన్న బాధ తగ్గిందా అంటే, లేదు. అది ఉంటుంది. కానీ చివరి గంటలో పక్కన ఉండటం మన చేతుల్లో ఉండదని, ఆదివారాలు మాత్రం మన చేతుల్లోనే ఉంటాయని ఆ ఊరు చూశాక తెలిసింది. వాడు పద్నాలుగు నెలల్లో నా దగ్గరికి వచ్చింది రెండుసార్లు. నేను వాడి దగ్గరికి వెళ్ళింది ఒక్కసారి కూడా లేదు. నాలుగు గంటల దూరం, వీకెండ్ అలసట, "ఈసారి చూద్దాం".

ఇప్పుడు మా అపార్ట్‌మెంటుకి దగ్గర్లోనే కొత్తగా వచ్చిన స్టూడెంట్స్ ఐదుగురు ఉంటున్నారు. ఒకడిది నంద్యాల, ఇద్దరిది కరీంనగర్, మిగతావాళ్ళది వైజాగ్. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రమ్మంటాను. మొదట్లో మొహమాటపడ్డారు. ఇప్పుడు శనివారం రాత్రే మెసేజ్ పెడుతున్నారు, "అక్కా, రేపు ఏం కూర?" అని.

రేపు పప్పుచారు, బంగాళాదుంప వేపుడు. ఆరుగురికి సరిపడా.